గ్రీన్ ఆలస్యంగా వచ్చింది: రేణిగుంటలో ఒక ల్యాండింగ్ గేర్ కేసు

కెప్టెన్ టెక్ లాగ్‌లో, అంటే విమానంలో కనిపించిన తప్పులు రాసే పుస్తకంలో, రాసింది మూడే ముక్కలు. గేర్ లివర్ దించాక ఎడమ మెయిన్ గేర్‌కి గ్రీన్ (చక్రాల కాలు దిగి లాకయిందని చెప్పే పచ్చ దీపం) రాలేదు, గో అరౌండ్ చేశాం (దిగకుండా మళ్లీ పైకి లేచాం). రెండో అప్రోచ్‌కి తిరిగి వస్తుండగా దానంతటదే వచ్చింది. ప్రైమరీ, సెకండరీ ప్యానెళ్లు రెండింటిలోనూ ఒకేసారి వచ్చింది.

ఆ మూడో ముక్క లేకపోతే ఈ కేసు వేరే దారిలో పోయేది. గ్రీన్ రాలేదని మాత్రమే రాస్తే ఏ లైన్ స్టేషన్‌లోనైనా మొదట గేర్ లాకయిందని పసిగట్టే ప్రాక్సిమిటీ సెన్సర్ తుడుస్తారు, గ్యాప్ కొలుస్తారు, అనుమానం తీరకపోతే సెన్సర్ మార్చేస్తారు. చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది కూడా. కానీ ఈ విమానంలో గేర్ లాకయిందో లేదో చెప్పే దారులు రెండున్నాయి. వాటి సెన్సర్లు వేరు, వైర్లు వేరు, ఛానళ్లు వేరు. రెండూ ఒకే క్షణంలో మొరాయించి, మళ్లీ ఒకే క్షణంలో దారికి రావడం దాదాపు జరగని పని. అంటే దీపాలు నిజమే చెప్పాయి. గ్రీన్ వచ్చేదాకా గేర్ లాక్ కాలేదు.

నేను రేణిగుంట ఎయిర్‌పోర్టులో లైన్ మెయింటెనెన్స్ చూసే ఏఎంఈని (విమాన మెయింటెనెన్స్ ఇంజనీర్‌ని). ఎయిర్‌లైన్ పేరు, విమానం మోడల్, గేర్ తయారుచేసిన కంపెనీ, దాన్ని ఓవర్‌హాల్ చేసిన (పూర్తిగా విప్పి బాగుచేసి బిగించిన) షాపు, ఇవేవీ ఇక్కడ రాయడం లేదు. రెండు టర్బోప్రాప్ ఇంజన్ల ప్రాంతీయ విమానం అనుకుంటే చాలు. హైదరాబాద్ నుంచి వచ్చి, అరగంటలో మళ్లీ అక్కడికే పోవాల్సింది.

గేర్ ఎలా నిలబడుతుంది

గేర్ కాలు కిందికి దిగడం ఒక ఎత్తు, దిగినచోట నిలవడం మరో ఎత్తు. దాన్ని నిలబెట్టేది సైడ్ బ్రేస్. మధ్యలో కీలున్న రెండు ముక్కల కడ్డీ అది. గేర్ పైకి పోయేటప్పుడు మడుచుకుంటుంది, దిగేటప్పుడు చాచుకుంటుంది. పూర్తిగా చాచుకుని తిన్నని గీతను పిసరంత దాటాక లాక్ లింక్ దాన్ని పట్టేస్తుంది, స్ప్రింగులు ఆ లింకును కదలనీయవు. చెయ్యి చాచి మోచేయి బిగబట్టి గోడను నెట్టి చూడండి. మోచేయి కాస్త వంగి ఉంటే భారమంతా కండరం మీద పడుతుంది, పూర్తిగా బిగిస్తే ఎముకే మోస్తుంది. గేర్‌కి కండరం హైడ్రాలిక్ యాక్చుయేటర్. నేలను తాకే వేళకు భారం దాని మీద ఉండకూడదు.

కాబట్టి గేర్ ప్రయాణంలో అసలు గండం చివరి రెండు మూడు డిగ్రీలే. అక్కడ కీళ్లలో రాపిడి పెరిగితే కాలు దిగుతుంది కానీ లాక్ పడదు. హైడ్రాలిక్ ఒత్తిడి చాలా విమానాల్లో చదరపు అంగుళానికి 3000 పౌండ్లు. అంత బలం వెనక ఉంటే రాపిడి ఎంతున్నా చివరికి నెట్టుకుపోతుంది, కాకపోతే ఆలస్యమవుతుంది. హైడ్రాలిక్ పోయిన రోజు సంగతి వేరు. అప్పుడు ఫ్రీ ఫాల్ మీద ఆధారపడాలి. గేర్ సొంత బరువు, ఎదురుగాలి, స్ప్రింగులు, అంతే. పెద్ద విమానాల డిజైన్ నిబంధన 25.729 ప్రకారం మామూలు వ్యవస్థ పాడైనా గేర్‌ని దించడానికి ఇంకో మార్గం ఉండి తీరాలి. సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు తయారీదారు ఆ మార్గాన్ని చేసి చూపిస్తాడు. చూపించేది కొత్త గేర్ మీద, కీళ్లన్నింటిలో గ్రీజు నిండుగా ఉన్నప్పుడు. ఈ సంగతి మళ్లీ వస్తుంది.

ఆ మధ్యాహ్నం

గేర్‌కి గ్రౌండ్ లాక్ పిన్నులు పెట్టి విమానాన్ని ఏఓజీ (బాగయ్యేదాకా ఎగరకూడదు) అని ప్రకటించాం. లోపల డిపార్చర్ హాల్లో లడ్డూ సంచులతో, గుండు చేయించుకున్న తలలతో జనం. హైదరాబాద్‌లో కూతురి దగ్గరికి పోతున్న ఒక పెద్దాయన, పుంగనూరు వైపు మనిషి, గాజు తలుపు దగ్గర నన్ను ఆపాడు.

“ఏం నాయనా, చక్రం రాలేదంట గదా? తిరుచ్చిలో జరిగిన మాదిరేనా?”

2024 అక్టోబరు 11న తిరుచ్చిలో లేచిన షార్జా విమానం హైడ్రాలిక్ సమస్యతో రెండు గంటలకు పైగా గాల్లో తిరిగి క్షేమంగా దిగింది. ఆ సాయంత్రం టీవీల్లో చూడనివాళ్లు లేరు. అప్పట్నుంచి చక్రం అనే మాట వినబడితే జనం తిరుచ్చినే తలుచుకుంటున్నారు.

“కాదు పెద్దాయనా, బాగానే దిగింది. ఎందుకు ఆలస్యమైందో చూస్తా ఉండాం” అన్నాను. ఆయన తృప్తిపడినట్టు కనిపించలేదు. నిజానికి నేనూ పడలేదు.

రేణిగుంటలో ఆ పనికి కావలసిన హ్యాంగర్ గానీ జాకీలు గానీ మాకు లేవు. గేర్‌ని పైకీ కిందికీ ఆడించి చూడాలంటే విమానాన్ని మూడు జాకీల మీద లేపాలి. అవి చెన్నై నుంచి లారీలో తిరుత్తణి, పుత్తూరు మీదుగా రావాలి. అవి వచ్చేలోపు చేయగలిగినవి చేశాం. సెన్సర్ల గ్యాప్ కొలిచాం, హద్దుల్లోనే ఉంది. వైరింగ్‌లో తేడా లేదు. యాక్చుయేటర్ దగ్గర లీకు లేదు. స్ప్రింగులు రెండూ బిగువుగా ఉన్నాయి.

కీళ్లన్నీ పైకి తడిగానే కనిపిస్తున్నాయి. సైడ్ బ్రేస్ కింది కీలు దగ్గరైతే గ్రీజు దండిగా అంటుకుని ఉంది. చూసినవాడెవడైనా బాగా మేపారనుకుంటాడు. మా టెక్నీషియన్ గ్రీజు గన్ తీసుకుని నిపుల్స్ (గ్రీజు ఎక్కించే మూతులు) ఒక్కొక్కటిగా కొడుతూ వచ్చాడు. పద్ధతి ఏమిటంటే, గన్ నొక్కుతూ ఉంటే ముందు నల్లబడిన పాత గ్రీజు కీలు రెండు పక్కలా బయటికి రావాలి, దాని వెనకే కొత్త గ్రీజు రంగు కనిపించాలి. అప్పుడే లోపలికి వెళ్లినట్టు. మిగతా నిపుల్స్ అన్నీ అలాగే వచ్చాయి. ఆ కింది కీలు దగ్గర ఆగాడు.

“అన్నా, గన్ బిగుసుకుంటాండాది. లోపలికి పోవడంల్యా. నిపుల్ మొదట్లోనే కారిపోతా ఉండాది చూడు.”

నేను గన్ తీసుకుని నొక్కాను. పిడి రాయిలా నిలబడిపోయింది. ఇంకాస్త బలం పెడితే నిపుల్ మర చుట్టూ గ్రీజు ఉబికి, లగ్ (కీలు పిన్ దూరే చెవి లాంటి భాగం) మీదుగా జారి, కీలు అంచున పేరుకుంది. బయట మేము చూసిన దండి గ్రీజు అదన్నమాట. కొన్నేళ్లుగా ఎవరు కొట్టినా ఇలాగే బయటే పేరుకుని ఉంటుంది. నిపుల్ మార్చి చూశాం, అదే తీరు. దారి లోపలే మూసుకుపోయి ఉంది.

జాకీల మీద

జాకీలు వచ్చాక హైడ్రాలిక్ కార్టు పెట్టి గేర్ ఆడించాం. కుడి గేర్ తడుముకోకుండా దిగి లాకయింది. ఎడమది దిగి, చివర్లో ఒక్క క్షణం తటపటాయించి, టక్కుమని పడింది. ఇంకోసారి చేస్తే ఇంకాస్త ఎక్కువ ఆగింది. తర్వాత హైడ్రాలిక్ తీసేసి ఫ్రీ ఫాల్ చేశాం. ఎడమ కాలు దిగింది కానీ లాక్ పడలేదు. నేల మీద నిలిచిన విమానానికి ఎదురుగాలి ఉండదు కాబట్టి ఆ పరీక్షలో చేత్తో కొంత తోయడానికి మాన్యువల్ ఒప్పుకుంటుంది, ఎంత బలంతో తోయవచ్చో కూడా చెబుతుంది. మాకు పట్టిన బలం ఆ హద్దు దాటింది.

నా దృష్టిలో ఈ కేసు ఇక్కడే తీవ్రమైంది. మామూలు రోజున ఇది గ్రీన్ ఆలస్యం. హైడ్రాలిక్ పోయిన రోజున ఇదే ఒక కాలు లాక్ లేకుండా రన్‌వే మీద దిగడం. రెండు లోపాలూ విడివిడిగా చిన్నవే. కలిసి వచ్చిన రోజున పైలట్‌కి ఇక ఏ మార్గమూ మిగలదు.

ఆ కింది కీలు పిన్ బయటికి తీశాం. మామూలుగా చేత్తో రావాల్సిన పిన్‌ని పుల్లర్‌తో లాగాల్సి వచ్చింది. దాని మీది క్రోమ్ పూతలో ఒక పక్కన పొడుగ్గా గీరలు. బుష్ (లగ్‌లో బిగించి ఉండే, పిన్ తిరిగే గొట్టం) లోపల గ్రీజు చుక్క లేదు. మన ఎర్రమట్టి రంగులో మెత్తటి పొడి, వేలితో తుడిస్తే వేలికి అంటుకుంది. ఉక్కు, కంచు పొడిగా రాసుకుంటే వచ్చే పొడి అది. టార్చి వేసి నిపుల్ రంధ్రంలోంచి చూస్తే ఎదురుగా బుష్ గోడ నున్నగా, మూసినట్టు కనిపించింది. బుష్‌కి గ్రీజు రంధ్రం ఉంది. అయితే లగ్‌లోని రంధ్రానికి ఎదురుగా లేదు, చుట్టుకొలతలో దాదాపు పావు వంతు పక్కకు ఉంది.

బుష్ తర్వాత తిరిగి అలా అయిందా, బిగించినప్పుడే అలా పెట్టారా? దీని మీదే తర్వాత వాదమంతా నడిచింది కాబట్టి వివరంగా రాస్తాను. ఈ బుష్‌లను ద్రవ నైట్రోజన్‌లో ముంచి కుదించి లగ్‌లో దించుతారు. మామూలు వేడికి వచ్చాక వ్యాకోచించి ఊడదీయలేనంతగా బిగుసుకుంటాయి. పనిలో ఉండగా తిరిగితే బయటి ముఖం మీద, లగ్ లోపలి ముఖం మీద జారిన గుర్తులు ఉండాలి, అంచున సీలెంట్ పగిలి ఉండాలి. సీలెంట్ చెక్కుచెదరలేదు. అంచు మీద ఓవర్‌హాల్ షాపు గీసిన సన్నటి రంగు గీత బుష్ మీదా లగ్ మీదా ఒకే గీతగా కలిసే ఉంది. అంటే బిగించిన నాటి నుంచీ అది కదల్లేదు. ఇవన్నీ స్కేలు పక్కన పెట్టి ఫొటోలు తీశాం, రంధ్రం ఏ కోణంలో ఉందో రాసుకున్నాం, పొడిని సీసాలో మూత పెట్టాం. పార్టు గేటు దాటాక ఇవేవీ మన చేతిలో ఉండవు. ఈ కేసులో మా వైపు నుంచి జరిగిన మంచి పని ఏదైనా ఉంటే ఇదే.

కాగితాల్లో ఏముంది

ఆ గేర్ కొంతకాలం కింద విదేశీ షాపులో ఓవర్‌హాల్ అయి వచ్చింది. రిలీజ్ సర్టిఫికెట్ సక్రమంగానే ఉంది. ఓవర్‌హాల్ కాంపొనెంట్ మాన్యువల్ ప్రకారం, అప్పటి తాజా రివిజన్ ప్రకారం చేశామని షాపు రాసింది. మేము ఆ మాన్యువల్ పేజీలు తెప్పించుకున్నాం. బుష్ సైజు ఉంది, ఎంత చల్లబరచాలో ఉంది, సీలెంట్ రకం ఉంది. రంధ్రం ఏ వైపు ఉండాలో లేదు. బొమ్మలో బుష్‌ని కోత వేసి చూపించారు, రంధ్రం కనిపించని కోణంలో. బిగించాక గ్రీజు పారుతోందో లేదో చూడమనే మెట్టూ లేదు. కొన్ని డిజైన్లలో బుష్ బయటి ముఖం చుట్టూ గాడి ఉంటుంది, అప్పుడు రంధ్రం ఎటున్నా గ్రీజు గాడిలో తిరిగి చేరుతుంది. ఈ బుష్‌కి గాడి లేదు. కాబట్టి కోణం రాయకపోవడం పెద్ద విషయమే. ఫ్యాక్టరీ డ్రాయింగ్‌లో ఆ కోణం ఉందని తర్వాత తయారీదారే ఒప్పుకున్నాడు. ఆ డ్రాయింగ్ ఓవర్‌హాల్ షాపులకు ఇవ్వరు.

మా వైపు కాగితం కూడా చూడాలి కదా. విమానం మాన్యువల్లో కొత్త గ్రీజు బయటికి కనిపించేదాకా కొట్టాలని ఉంది. ఎయిర్‌లైన్ ప్లానింగ్ విభాగం దాన్ని జాబ్ కార్డులోకి ఎక్కించేటప్పుడు కుదించేసింది: ఫలానా నిపుల్స్ లూబ్రికేట్ చేయండి, సంతకం పెట్టండి. రాత్రి షిఫ్టులో, లైట్ల కింద, నిపుల్ చుట్టూ గ్రీజు పేరుకుని కనిపిస్తే సంతకం పడుతుంది. ఇలా మూడు సంస్థల్లో ఎక్కడ ఎవరు ఒక్క వాక్యం అడిగి ఉన్నా ఇది దొరికేది.

నియమం ప్రకారం 72 గంటల్లోపు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకి, తయారీదారుకి రిపోర్టు వెళ్లింది. తయారీదారు సమాధానం మర్యాదగా, పొట్టిగా వచ్చింది. ఇది ఈ ఒక్క గేర్‌కి పరిమితమైన విషయంగా కనిపిస్తోంది, ప్రపంచంలో మరెవరూ ఇలాంటిది రిపోర్టు చేయలేదు, పనితనానికి సంబంధించి ఓవర్‌హాల్ షాపును సంప్రదించగలరు.

ఈ సమాధానంతో నాకు తగాదా ఉంది. మరెవరూ రిపోర్టు చేయకపోవడం ఎక్కడా జరగలేదని రుజువు చేయదు. ఇంకో స్టేషన్‌లో ఇదే తప్పు వస్తే అక్కడ సెన్సర్ మార్చి ఉంటారు. ఫైల్లో అది సెన్సర్ తప్పుగా నమోదవుతుంది, గేర్ కంపెనీ దాకా చేరదు. ఐరోపా నిబంధనల పార్ట్ 21 అయినా, దాన్నే అనుసరించే మన సీఏఆర్ 21 అయినా డిజైన్ సర్టిఫికెట్ ఉన్నవాడి మీద ఒక పని పెట్టాయి: లోపాల సమాచారం సేకరించాలి, పరిశోధించాలి, విశ్లేషించాలి. ఉత్తరాల కోసం కాచుకుని కూర్చుని, రాలేదు కాబట్టి లేదు అనడాన్ని విశ్లేషణ అని నేను అనుకోను. అదే షాపులో ఓవర్‌హాల్ అయిన గేర్ల సీరియల్ నంబర్లు వాళ్ల దగ్గర ఉన్నాయి. ఒక్క ఈమెయిల్‌తో అందరినీ గ్రీజు కొట్టి చూడమనొచ్చు.

ఆ పని చివరికి మా ఎయిర్‌లైనే చేసింది. అదే షాపు నుంచి వచ్చిన మిగతా గేర్లన్నింటికీ బేస్‌లో గ్రీజు పారుదల చూశారు. ఇంకో విమానంలో, ఈసారి కుడివైపు, అదే కీలు పొడిగా దొరికింది. రెండో రిపోర్టు వెళ్లాక సమాధానం స్వరం మారింది.

సాస్ అనుభవం

ఇలాంటి కేసు ఏదొచ్చినా గేర్ మనుషులు తలుచుకునేది స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ (సాస్)నే. 2007 సెప్టెంబరు 9న డెన్మార్క్‌లోని ఆల్బోర్గ్‌లో ఆ సంస్థ డాష్ 8 క్యూ400 దిగగానే కుడి మెయిన్ గేర్ కూలింది, ప్రొపెల్లర్ రెక్క ముక్క క్యాబిన్‌లోకి దూసుకొచ్చింది. ముందుజాగ్రత్తగా ఆ వరుసల్లోని ప్రయాణికులను సిబ్బంది వేరేచోట కూర్చోబెట్టి ఉండబట్టి ప్రాణాలు దక్కాయి. మూడు రోజులకు, 12న, లిథువేనియాలోని విల్నియస్‌లో అదే రకం విమానం, అదే కుడి గేర్. యాక్చుయేటర్ పిస్టన్ కడ్డీకి రాడ్ ఎండ్ బిగించే మరల్లో తుప్పు తినేసి అది ఊడిపోయింది. బయటినుంచి చూస్తే కనిపించని చోటు. రెండోది కూలాకే 10,000 ల్యాండింగులు దాటిన క్యూ400లను తనిఖీ చేసేదాకా ఎగరనివ్వవద్దని వాటి తయారీదారు బొంబార్డియర్ కబురు పంపింది.

అక్టోబరు 27న కోపెన్‌హాగన్‌లో మూడోది. కుడి గేర్ అసలు దిగలేదు. జనం, పత్రికలు అదే తుప్పు అనుకున్నారు. కారణం వేరు: యాక్చుయేటర్‌లో నూనె పోయే సన్నటి దారికి దారితప్పిన ఓ ఓ-రింగ్ అడ్డం పడింది. అది తుప్పు కథ కాదు, పనిలో శుభ్రత కథ. అయినా మరుసటి రోజే సాస్ తన క్యూ400లన్నింటినీ శాశ్వతంగా పక్కనపెట్టింది. 2008 మార్చిలో బొంబార్డియర్, గేర్ తయారుచేసిన గుడ్‌రిచ్, సాస్ మధ్య రాజీ కుదిరింది. పరిహారం సుమారు 100 కోట్ల స్వీడిష్ క్రోనాలు. అప్పుడే సాస్ బొంబార్డియర్‌కి మరో 27 విమానాలు ఆర్డరిచ్చింది, అందులో కొన్ని మళ్లీ క్యూ400లే. వ్యాపారం తీరు అది, నేను తప్పుపట్టను. కానీ బాధ్యత ఎవరిది ఎంత అనే లెక్క ఏ కోర్టులోనూ తేలకుండా ఆ ఒప్పందంలో కలిసిపోయింది.

తయారీదారునే ప్రతిసారీ నిలదీయడం కూడా న్యాయం కాదు. 2016 అక్టోబరు 28న ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఫెడెక్స్ ఎండీ-10 ఎడమ గేర్ విరిగి రెక్క తగలబడింది. తుప్పు గుంట దగ్గర మొదలైన ఫెటీగ్ పగులు (భారం పదేపదే పడి పెరిగే పగులు). తుప్పు పట్టకుండా ఉండాల్సిన క్యాడ్మియం పూత ఆ చోట లేదు, ఎందుకు లేదో అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ కూడా తేల్చలేకపోయింది. అయితే తయారీదారు 8 ఏళ్లకు ఓవర్‌హాల్ చేయమంటే ఎయిర్‌లైన్ తగినంత ఆధారం లేకుండా 9 ఏళ్లు పెట్టుకుంది. ఆ రెంటి మధ్యనే గేర్ విరిగింది. ఎన్‌టీఎస్‌బీ దాన్ని దోహదకారణంగా రాసింది. అక్కడ వేలు ఎయిర్‌లైన్ వైపే చూపాలి.

మా కేసుకి వీటికన్నా దగ్గరిది 2021 జూన్ 18న హీత్రూలో జరిగింది. సరుకు ఎక్కిస్తుండగా నిలబడి ఉన్న బోయింగ్ 787 ముక్కు గేర్ మడుచుకుపోయింది. లాక్ పిన్ పెట్టాల్సిన రంధ్రం పక్కనే అచ్చం అలాంటి ఇంకో రంధ్రం ఉంది, మెకానిక్ అందులో పెట్టాడు. ఆ పొరపాటుకు ఆస్కారం ఉందని తయారీదారుకి అప్పటికే తెలుసు. రెండో రంధ్రాన్ని పూడ్చమని బులెటిన్ ఉంది, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ దాన్ని తప్పనిసరి చేసిన ఆదేశం 2020 జనవరిలో అమల్లోకి వచ్చింది. గడువు 36 నెలలు. ఆ విమానానికి ఇంకా చేయలేదు. మెకానిక్ తప్పు చేశాడు, నిజమే. కానీ తప్పు చేయడానికి చోటు డ్రాయింగ్ బల్ల మీదే ఏర్పడింది.

వాటాలు

మా కేసులో నేను వేసుకున్న లెక్క చెబుతాను, ఒప్పుకోనివారు ఒప్పుకోకపోవచ్చు. పెద్ద వాటా తయారీదారుదే. కొనసాగే ఎయిర్‌వర్దీనెస్ సూచనలు (విమానాన్ని ఎగరడానికి యోగ్యంగా ఉంచే సూచనలు) ఇవ్వడం అతని మీద నిబంధన 25.1529 పెట్టిన బాధ్యత. గ్రీజు దాని భాగమే. ఫ్రీ ఫాల్ పనిచేస్తుందని సర్టిఫికెట్ తీసుకున్నవాడు, అది పనిచేయడానికి గ్రీజు కావలసిన కీలుకు దారి ఎలా తెరిచి ఉంచాలో మాన్యువల్లో రాయకపోతే, తను చూపించిన పరీక్షను తనే కాగితం మీద వదిలేసినట్టు. రెండో వాటా షాపుది. గ్రీజు రంధ్రానికి రంధ్రం కలపాలని మాన్యువల్ చెప్పాలా? ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చదివిన కుర్రాడికి తెలిసిన విషయం. చెప్పలేదు కాబట్టి చేయలేదు అని రాసిన వాళ్ల లేఖ చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూడోది మా జాబ్ కార్డు. అది చిన్నదైనా, దిద్దుకోవడం మాత్రం అన్నింటికంటే తేలిక.

చిత్తూరు కోర్టులో వకీలుగా ఉన్న మా బావ ఒక ఆదివారం ఇదంతా విని ఒకే ప్రశ్న అడిగాడు.

“దెబ్బ తగిలినోడు ఎవరన్నా ఉండారా?”

“ఎవరికీ ఏమీ కాలేదు బావా.”

“అట్లయితే కేసే లేదు పో.”

ఆయన చెప్పింది సరైనదే. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 84వ సెక్షన్ తయారీదారు మీద ఉత్పత్తి బాధ్యత పెడుతుంది. డిజైన్ లోపమే కాదు, హాని జరగకుండా సరైన సూచనలు ఇవ్వకపోవడం కూడా అందులో ఉంది. చదివితే మా కేసు కోసమే రాశారా అనిపిస్తుంది. కానీ అదే చట్టం హాని అంటే ఏమిటో చెప్పేచోట వస్తువుకే జరిగిన నష్టాన్ని, వ్యాపార నష్టాన్ని తీసేసింది. అంతర్జాతీయ ప్రయాణంలో ప్రయాణికుడికి దెబ్బ తగిలితే మాంట్రియల్ ఒప్పందం కింద ముందు జవాబు చెప్పేది ఎయిర్‌లైన్, అది తర్వాత తయారీదారు వెంట పడాలి. దర్యాప్తు నివేదికలా, అంతర్జాతీయ నిబంధన అనెక్స్ 13 ప్రకారం అవి ప్రమాదాలు తగ్గించడానికే, నింద పంచడానికి కాదు. ఆ నియమాన్ని నేను సమర్థిస్తాను, లేకపోతే ఎవరూ నిజం చెప్పరు. ఫలితంగా ఎవరికీ ఏమీ కాని కేసులో తయారీదారుని కదిలించగలిగింది రిపోర్టు ఒక్కటే. అది సరిగా రాయకపోతే ఇంకేమీ లేదు.

అందుకే మా స్టేషన్ కుర్రాళ్లతో నేను గొడవపడేది టెక్ లాగ్ దగ్గరే. “గ్రీన్ ఆలస్యం, సెన్సర్ మార్చాం, ఓకే” అని రాస్తే ఆ వాక్యం ఎవరికీ పనికిరాదు. ఏ ఛానల్, ఎంతసేపు, వేడెంత, ఏ కీలు, గ్రీజు బయటికి వచ్చిందా లేదా రాయాలి. పాత సెన్సర్‌ని షాపులో పరీక్షించి బాగానే ఉందని తేలితే ఆ కబురు మళ్లీ మనకు రావాలి. అప్పుడే తప్పు ఇంకెక్కడో ఉందని తెలుస్తుంది. చాలాచోట్ల ఆ కబురు తిరిగి రాదు, స్టోర్స్‌లోనే ఆగిపోతుంది.

ఇప్పటి పరిస్థితి

రెండో రిపోర్టు తర్వాత తయారీదారు కాంపొనెంట్ మాన్యువల్‌కి తాత్కాలిక రివిజన్ ఇచ్చాడు. రంధ్రం కోణం బొమ్మలో వచ్చింది, బిగించాక గ్రీజు పారుదల చూడమనే మెట్టు వచ్చింది. ఆపరేటర్లకు సర్వీస్ లెటర్ పంపాడు. అందులో చేయాలి అనలేదు, చేయడం మంచిది అన్నాడు. ఇప్పటికే ఓవర్‌హాల్ అయి ఎగురుతున్న గేర్ల సంగతి అందులో ఒక్క వాక్యం. సర్వీస్ బులెటిన్‌గా ఇచ్చి ఉంటే ప్రతి ఎయిర్‌లైనూ కనీసం చదివి, చేస్తామో చేయమో రాతపూర్వకంగా తేల్చాల్సి వచ్చేది. సర్వీస్ లెటర్ చాలా ఆఫీసుల్లో ఫైల్లోకి పోతుంది. ఈ ఎంపిక నాకు సరిగా తోచలేదు, ఎయిర్‌లైన్ ద్వారా ఆ మాట రాయించాం కూడా.

మా జాబ్ కార్డులో పాత వాక్యం తిరిగి వచ్చింది: కొత్త గ్రీజు రెండు పక్కలా కనిపించేదాకా. పక్కన ఇంకో గడి చేర్చారు, గన్ బిగుసుకుంటే పని ఆపి ఏఎంఈకి చెప్పాలని.

ఊడదీసిన సైడ్ బ్రేస్ తయారీదారు ల్యాబ్‌కే వెళ్లింది. ఎవరి మాన్యువల్ మీద ప్రశ్న ఉందో వాళ్ల దగ్గరికే పార్టు పోవడం ఈ రంగంలో మామూలే. పక్కన ఏర్పేడులో ఐఐటీ ఉన్నా గేర్ లీజుది కాబట్టి పంపే హక్కు మాకు లేదు. పిన్ మీది గీరల లోతు, లగ్‌లో పగులేమైనా మొదలైందా అన్నది ఆ నివేదికలో ఉండాలి. సారాంశం పేజీ వచ్చింది, పూర్తి నివేదిక రాలేదు. మళ్లీ అడిగాం.